నాలుగుల జత

తొంభై మూడు వేసవిలో రేపల్లె క్లబ్బులో జరిగిన పేకపోటీలో శ్యామలాంబ అరగంటకే ఓడి లేచింది. చేతికి అయిదుల జత రాగానే మురిసిపోయి, తన పందెపు చింతగింజలన్నీ దాని మీదే ఒడ్డింది. ఎదుటి మనిషి దగ్గర రాణుల జత ఉంది. "లెక్కల టీచరైతే పేకాట వచ్చేస్తుందా ఏంటి!" అని ఎవరో నవ్వారు. తిరిగి తెనాలి చేరేదాకా రైల్లో ఆమెకు ఆ మాటే వినబడుతూ ఉంది.

ఆ ఆటను రేపల్లెకు తెచ్చింది ప్రకాశరావు. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాడు. మనిషికి రెండు ముక్కలు మూసి పంచుతారు. తర్వాత అందరికీ ఉమ్మడిగా బల్ల మీద మొదట మూడు ముక్కలు, ఆపైన ఒకటి, చివరికి మరొకటి తెరుస్తారు. విడత విడతకీ పందెం. చిన్న జత కన్నా పెద్ద జత, దాని కన్నా రెండు జతలు, వాటి కన్నా ఒకే అంకెవి మూడు కలిస్తే ఎక్కువ. పందేనికి చింతగింజలు. తలా రెండు వందలు ఇస్తారు, అయిపోతే లేవాలి.

ఆ ఏడాదంతా శ్యామలాంబ బడి నుంచి రాగానే పేక పరుచుకుని కూర్చునేది. చిన్న జత ఒకటి పక్కన పెట్టి, మూడు ముక్కలు తెరిచి చూసేది. ఎనిమిదిసార్లు చూస్తే ఒక్కసారి మూడోది వచ్చి కలిసేది.

"ఇదేం పిచ్చే?" అంది తల్లి మాణిక్యాంబ.

"పిచ్చి కాదమ్మా. వదిలెయ్యటం నేర్చుకుంటున్నా."

తొంభై నాలుగు వేసవిలో, ఓ ఆదివారం పొద్దున్నే పాసింజరు దిగి మళ్ళీ అదే క్లబ్బులో కూర్చుంది. మొదట రెండుల జత వచ్చింది. నాలుగు గింజలిచ్చి చూసింది. కలవలేదు, పడేసింది. తర్వాత మూడులు. అవీ పడేసింది. ఏడులు వచ్చినప్పుడు మాత్రం వదలటానికి చెయ్యి రాలేదు. ఎదుటివాడిది ఉత్త బెదిరింపేనేమో! అయినా పళ్ళు బిగించి పడేసింది.

"నాలుగు గింజలివ్వటం, పారిపోవటం! ఇదేనా టీచరుగారూ ఆటంటే?" అన్నాడు ఎదురుగా ఉన్న యలమంద. కొల్లూరు లంకల్లో అరటితోటలున్న ఆసామి.

"ఇదేనండి," అంది.

కాసేపటికి నాలుగుల జత వచ్చింది. యలమంద పది గింజలు వేశాడు. ఆయన ముందున్న కుప్ప చూసింది. కలిస్తే అదంతా వస్తుంది, కలవకపోతే పోయేది పదే. ఇచ్చింది.

ఆసు, తొమ్మిది, నాలుగు తెరుచుకున్నాయి.

యలమంద నలభై తోశాడు. ఆమె కూడా నలభై పెట్టింది. తర్వాత జాకీ పడింది. ఆయన మిగిలిందంతా తోసేశాడు. ఆమె కూడా తోసింది. చివరి ముక్క రాజు.

"ఆసుల జత, రాజుల జత!" అంటూ యలమంద తన ముక్కలు బల్ల మీద కొట్టాడు.

శ్యామలాంబ తన రెండు నాలుగుల్నీ బల్ల మీది నాలుగు పక్కన సర్దింది. యలమంద రెప్ప వేయకుండా చూసి, గింజలన్నీ ఆమె వైపు జరిపి లేచాడు.

"పారిపోవటం అన్నాను. తప్పేనండి."

సాయంత్రానికి బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. చివరి ఆట ప్రకాశరావు గెలిచాడు. ఆమెది రెండో స్థానం. గింజలు సంచిలోకి ఎత్తుతూ ఆయన అడిగాడు: "వచ్చే ఆదివారం బాపట్లలో ఆడుతున్నామమ్మా. వస్తారా?"

"ఎన్నింటికండి?" అంది శ్యామలాంబ.