పాట విన్న మామిడికాయ

ఉదయలక్ష్మి పిల్లలకు బొమ్మల పుస్తకాలు రాస్తుంది, బొమ్మలూ తనే వేస్తుంది. కొత్త పుస్తకంలో కళ్ళజోడు పెట్టుకున్న గేదె ఒకటుంది. పాట పాడితే మామిడికాయ త్వరగా పండుతుందా అని దాని అనుమానం. రెండు కాయలు తెచ్చి, ఒకదానికే రోజూ పాడుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లోని ప్రచురణకర్తకు ఇచ్చే ముందు, చివరి పేజీలు తప్ప మిగతావన్నీ ఎల్బీనగర్‌లో తమ కింది వాటాలో ఉండే అలేఖ్యకు చదవమని ఇచ్చింది. అలేఖ్య మూడో తరగతి.

పిల్ల కడుపుబ్బ నవ్వి, తాత మట్టయ్యను పట్టుకుంది. ఆయన బాటసింగారం పండ్ల మార్కెట్లో కాయలు ఏరే పనికి పోతాడు.

“తాతా, రెండు బేనిషాన్ కాయలు తే. ఒక్క తీరుగ ఉండాలె. ఒకదానికి నువ్వు పాడాలె.”

“నేనెందుకు బిడ్డా?”

“బర్రె గొంతు నీ లెక్కనే ఉంటది.”

మర్నాటి నుంచి మట్టయ్య ఒక కాయను వంటింట్లోకి తీసుకుపోయి, బతుకమ్మ పాటలు పాడసాగాడు. ఐదో రోజుకు ఆ కాయ పసుపుపచ్చగా పండి మెత్తబడింది. రెండోది రాయిలాగే ఉంది.

అలేఖ్య మేడమెట్లు పరుగున ఎక్కింది. “ఆంటీ! పాటకు పండింది!”

ఉదయలక్ష్మి కంగారుగా కిందికి దిగింది. చివరి పేజీల్లో తను రాసింది వేరు. “నిజం చెప్పండి మట్టయ్యగారూ, ఏం చేశారు?”

ఆయన తల గోక్కున్నాడు. “పాడినంక బియ్యం డబ్బల పెట్టిన మేడం. పండకపోతే పిల్ల చిన్నబోతదని...”

“తాతా! గది తొండి!” అలేఖ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు మట్టయ్య మరో రెండు కాయలు తెచ్చి మనవరాలి చేతిలో పెట్టాడు. “నువ్వే పెట్టు. నేను ముట్ట.”

ఈసారి రెండూ ఒకే అలమరలో ఉన్నాయి. పాట వేళకు అలేఖ్య ఒకదాన్ని బయటికి తీసుకుపోయేది. మట్టయ్య చేతులు వెనక్కి కట్టుకుని రెండోదానికి పాడేవాడు. ఏడో రోజున రెండూ కలిసే పండాయి.

“ఫరక్ ఏం లేదు,” అని అలేఖ్య సంబరంగా నోట్‌బుక్‌లో రాసుకుంది.

“గంతేనా? గింత పాడితిని గద!”

“మంచిగనే పాడినవ్ తాతా. కాయకే చెవుల్లేవు.”

ఉదయలక్ష్మి ఆ వారమే పుస్తకంలో రెండు పేజీలు కలిపింది. వాటిలో ముసలి తాత గేదె ఒకటి, మనవరాలికి కనబడకుండా మామిడికాయను బియ్యంలో దాస్తుంది. ఆ బొమ్మను చూసి మట్టయ్య తన పొట్ట తడుముకున్నాడు.

“గింత పొట్ట నాకేడిది?”

అలేఖ్య అప్పటికే కొలిచే టేపు కోసం లోపలికి ఉరికింది.