రిబ్బన్ పిల్లకు పదికి అయిదు

నేను ఒక గేమ్ ప్యాడ్‌ని. ఆ రోజు ఇంట్లో నాతో కలిపి అయిదుగురం ఉన్నాం. కంటి ఆపరేషన్ అయి, నల్ల కళ్ళద్దాలతో మంచం మీద పడుకున్న అప్పాయమ్మగారు, ఆమెకు చుక్కల మందు వేయడానికి ఊరి నుంచి వచ్చిన పెద్దకూతురు మంగతాయారు, తల్లి వెనకాలే వచ్చిన పదో తరగతి పిల్ల సత్యవేణి, అప్పాయమ్మగారి కొడుకు దొరబాబు. అయిదోదాన్ని నేను. మనుషులు లెక్కపెట్టేటప్పుడు నన్ను వదిలేస్తారు గాని, దొరబాబు చేతుల్లో ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు ఉండేది నేనే.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. సముద్రానికి అవతల ఒక ఫ్యాక్టరీలో రెండు నల్ల ప్లాస్టిక్ డిప్పల మధ్య నా పేగులన్నీ సర్ది మరలు బిగించారు. చివరి బల్ల దగ్గర ఒకామె నా బటన్లన్నీ ఒక్కొక్కటీ పదేసిసార్లు నొక్కి చూసింది. అంత శ్రద్ధగా నన్ను పట్టుకున్న మొదటి మనిషి ఆమె. ఆమె ఎప్పుడూ ఏ ఆటా ఆడి ఉండదు.

తర్వాత కాకినాడలో ఒక గేమ్ సెంటర్‌లో రెండేళ్ళు ఉన్నాను. ఎన్ని చేతులు చూశానో చెప్పలేను. చెమట చేతులు, బజ్జీల నూనె చేతులు, పరీక్ష ఎగ్గొట్టి వచ్చి వణికే చేతులు. ఓడిపోయినవాడు "ప్యాడ్ బాలేదురా" అనేవాడు. గెలిచినవాడు నా ఊసే ఎత్తేవాడు కాదు. ఆ సెంటర్ మూసేసినప్పుడు దొరబాబు నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు.

దొరబాబుది వింతైన ఉద్యోగం. కొత్తగా వచ్చిన ఆటలు ఆడి, అవి ఎలా ఉన్నాయో ఒక తెలుగు వెబ్‌సైట్‌లో రాస్తాడు. చివర పదికి ఇన్ని అని మార్కులు వేస్తాడు. వాళ్ళమ్మకు ఇది ఎప్పటికీ అర్థం కాలేదు. పక్కింటివాళ్ళు అడిగితే మావాడు మాస్టారే, పేపర్లు దిద్దుతాడు అని చెబుతుంది.

పోయిన ఏడాది అతను ఒక తప్పు చేశాడు. దేశదేశాల్లో అందరూ మెచ్చుకున్న ఒక ఆట తనకు నచ్చకపోయినా, భయపడి తొమ్మిది వేసేశాడు. రాజోలు నుంచి ఒక పాఠకుడు కింద ఒకే వాక్యం రాశాడు. మీకు నిజంగా నచ్చిందా అండీ అని. దొరబాబు నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆ వాక్యం వైపు చాలాసేపు చూశాడు. ఇంకెప్పుడూ తనకు అనిపించనిది రాయనని ఆ రోజే అనుకున్నాడు. అది నాకెలా తెలుసంటే, ఆ తర్వాత అతని చేతులు నన్ను పట్టుకునే తీరే మారిపోయింది.

ఈసారి వచ్చిన ఆట పేరు సెవెన్త్ రిబ్బన్. రెండు పొట్టి కత్తులకు ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న ఒక పిల్ల రాక్షసులతో పోరాడుతుంది. అబ్బ, ఆ పిల్ల కదిలే తీరు చూడాలి. గాల్లోకి లేచి, అక్కడే మెలి తిరిగి, దిగేలోపు నాలుగు దెబ్బలు వేస్తుంది. దెబ్బ మీద దెబ్బ ఆగకుండా పడుతుంటే తెర మూల ఒక అక్షరం మారుతూ ఉంటుంది. డి అంటే ఏదో కొట్టావులే అని. సి, బి, ఏ దాటి ఎస్ వస్తే ఇంక అంతకు మించి లేదని.

విదేశాల్లో రాసేవాళ్ళందరూ ఈ ఆటను ఆకాశానికెత్తారు. ఒకాయన ఇది ఆట కాదు, చేతులతో పాడే పాట అన్నాడట. దొరబాబు మూడు వారాలు ఆడాడు. పద్నాలుగు అంకాలూ గెలిచాడు. మూల అక్షరం మాత్రం డి దాటలేదు. ఎందుకంటే అతను మొదటిరోజే ఒక దెబ్బ కనిపెట్టాడు. రెండు నరుకులు, ఒక విసురు. దానికి ఏ రాక్షసుడైనా పడిపోతాడు. పద్నాలుగు అంకాలూ ఆ ఒక్క దెబ్బతోనే గెలిచాడు. నా చతురస్రం బటన్ మీద గుర్తు కూడా అరిగిపోయింది. ముట్టుకోని బటన్లు కొత్తవాటిలాగే మెరుస్తున్నాయి.

ఆ రోజు సాయంత్రం అయిదింటికి రాసింది పంపాలి. అతను రాసుకున్నది పైకి చదివి అక్కకు వినిపించాడు. చూపులకు బాగుంది, లోపల పస లేదు, సంగీతం మరీ వెలితి, ఒక డప్పు తప్ప ఏమీ వినపడదు, పదికి అయిదు. మంగతాయారు చింతపండు గింజలు తీస్తూ, మరి అందరూ బాగుందంటున్నారంటివి కదరా అంది. అదే అతన్నీ కొరుకుతోంది. లోకమంతా పొరబడిందా, లేక తనకే చూడటం రాలేదా? ఎడిటర్ మధ్యాహ్నం ఫోన్ చేసి, ఎందుకొచ్చిన గొడవ, నువ్వూ తొమ్మిది వేసెయ్ అన్నాడు. మళ్ళీ అదే తప్పు ఎలా చేస్తాడు?

ఇదంతా సత్యవేణి గుమ్మం దగ్గర కర్టెన్ పక్కన కూర్చుని చూస్తూనే ఉంది. వచ్చి నాలుగు రోజులైంది. ఆ పిల్ల గొంతు నేను సరిగా వినలేదు. అడిగితే తల ఊపుతుంది. వాళ్ళ ఊళ్ళో బడి అయ్యాక కోలాటం నేర్చుకుంటుందట. సాయంత్రాలు ఒక డైరీలో ఏదో రాసుకుని దిండు కింద పెట్టేస్తుంది.

మూడున్నరకు అప్పాయమ్మగారు కన్ను మండుతోందని పిలిచారు. దొరబాబు నన్ను చాప మీద పెట్టి లేచాడు. అప్పుడు ఆట సాధన గదిలో ఉంది. అక్కడ ఒక చెక్కబొమ్మ ఉంటుంది. ఎంత కొట్టినా తిరిగి కొట్టదు.

సత్యవేణి మెల్లగా వచ్చి నన్ను ఎత్తుకుంది.

ముందు అన్ని బటన్లనూ ఒక్కొక్కటిగా నొక్కి చూసింది. ఏది నొక్కితే రిబ్బన్ పిల్ల ఏం చేస్తుందో చూసింది. తర్వాత పెదవులు కదిలాయి. తక తకిట, తక తకిట. చప్పుడు రాలేదు, లెక్క మాత్రమే. ఆ లెక్కకు బొటనవేళ్ళు కదిలాయి. నాలుగు దెబ్బలు ఒక రకం, వెంటనే ఇంకో నాలుగు వేరే రకం, ఒక గెంతు, ఒక మెలిక. మొదట తడబడింది. రెండుసార్లు లెక్క తప్పి మళ్ళీ మొదటికి వచ్చింది. మూడోసారి నా ఒంట్లో ఏదో జరిగింది. మూడు వారాలుగా నిద్రపోతున్న బటన్లన్నీ ఒకటి తర్వాత ఒకటి లేచి, ఒకదాని పని ఒకటి అందుకున్నాయి. నన్ను ఇందుకా చేశారు అనిపించింది.

అక్షరం సి అయింది. డప్పుకు తోడు తాళం వచ్చింది. బి అయింది, వేణువు వచ్చింది. ఏ దగ్గర తీగ వాద్యాలు కమ్ముకున్నాయి. ఎస్ పడగానే ఎక్కడి నుంచో ఒక ఆడమనిషి గొంతు ఎత్తుకుంది. ఆ పాటకు గొంతు ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. గది నిండిపోయింది.

దొరబాబు చుక్కల మందు సీసాతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయాడు. అవతలి గదిలోంచి అప్పాయమ్మగారు, ఎవర్రా అంత బాగా పాడుతున్నారు అని అడిగారు.

సత్యవేణి అతన్ని చూసి ఉలిక్కిపడింది. వేళ్ళు ఆగాయి. గొంతు, వేణువు, తాళం అన్నీ రాలిపోయి డప్పు ఒక్కటే మిగిలింది. పిల్ల ఏదో పాడుచేశానని అనుకుంది.

దొరబాబు పక్కన కూర్చున్నాడు. "ఏం చేసేవే?" అన్నాడు చాలా మెల్లగా.

"ఏం లేదు మావయ్యా. వేసిన కోపు మళ్ళీ వెయ్యలేదు, అంతే."

"కోపంటే?"

"కోలాటంలో అడుగు, కర్ర దెబ్బ కలిపి ఒక వరస. ఒకటే కోపు తిప్పి తిప్పి వేస్తే మా మాస్టారు కర్ర లాగేసుకుంటారు." తల ఎత్తకుండానే అంది. "నువ్వు గెలుద్దామని ఆడుతున్నావు మావయ్యా. కోలాటంలో ఎవరూ గెలవరు కదా."

దొరబాబు నన్ను తీసుకుని తానూ ప్రయత్నించాడు. పెద్ద చేతులు, పాత అలవాటు. రెండు నరుకులు, ఒక విసురు అని వేళ్ళు వాటంతటవే పోతున్నాయి. పావుగంట కష్టపడితే ఒక్కసారి వేణువు వినిపించి పోయింది. అతని అరచేతులు చెమటతో తడిసిపోయాయి. నామీద మాత్రం నెపం పెట్టలేదు. అలాంటి మనిషిని నేను అదే మొదటిసారి చూశాను.

నాలుగున్నరకు రాసిందంతా చెరిపేశాడు. ఫోన్ మోగింది. తొమ్మిదేగా అన్నాడు ఎడిటర్. తొమ్మిదో పదో నాకు తెలీదండీ, ఆ పాట నా చేత్తో పలకలేదు, పలికిన చెయ్యి వేరే ఉంది, ఒక గంట ఆగండి అని పెట్టేశాడు.

తర్వాత సత్యవేణి వైపు తిరిగాడు. "నువ్వు రాయాలే."

పిల్ల వెనక్కి జరిగింది. మంగతాయారు వంటింట్లోంచి వచ్చింది. "దానికి నలుగురిలో నోరు పెగలదురా. బళ్ళో పద్యం అప్పజెప్పమంటే జ్వరం తెచ్చుకుంటాది."

"నోరెందుకక్కా, చెయ్యుంది కదా. రోజూ రాసుకుంటానే ఉంది."

"అది ఎవరికీ చూపించదు."

సత్యవేణి చేతులు ఓణీ అంచును నలిపేస్తున్నాయి. ఆ డైరీలో ఉన్నదంతా తనకోసం రాసుకున్నది. ఇప్పుడు రాసేది ఎక్కడెక్కడివాళ్ళో చదువుతారు. రాజోలువాళ్ళూ చదువుతారు. తప్పయితే నవ్వుతారు. తన పేరు కిందే నవ్వుతారు.

"నేను తప్పు రాస్తే?" అంది.

"మూడు వారాలు ఆడి నేను రాసేను కదే తప్పు. ఏవైంది, చెరిపేను."

సత్యవేణి ఓణీ అంచు వదిలేసింది. "ఆ ఆటలో ఒకటి బాలేదు మావయ్యా. స్తంభాల గదిలో నువ్వు ఆడుతుంటే చూసేను. స్తంభం అడ్డొచ్చి ఆ రిబ్బన్ పిల్ల కనపడదు. కనపడకుండా ఎలా ఆడతాం? అదీ రాయొచ్చా?"

దొరబాబు ముఖం వెలిగిపోయింది. "అది ముందు రాయి."

"మార్కులు?"

"నువ్వెన్నంటే అన్ని."

లోపలి నుంచి అప్పాయమ్మగారి గొంతు వినపడింది. "రాయనివ్వండర్రా దాన్ని. నిలబడి చూస్తుంటే ఎవరు మాత్రం రాస్తారు."

అందరూ లేచారు. దొరబాబు లాప్‌టాప్‌ను తిన్నగా మేనకోడలి ముందు పెట్టాడు. తెర మీద ఖాళీ కాగితం, పైన పేరు రాయవలసిన చోట ఒక గీత మాత్రమే మినుకుమంటోంది. సత్యవేణి రెండు చేతులూ అక్షరాల మీద ఉంచింది గాని నొక్కలేదు. చూపు నామీద ఉంది. నన్ను ఇంకోసారి పట్టుకుంటే ఆ గొంతు ఇంకోసారి వినవచ్చు, రాయడం ఇంకాసేపు తప్పించుకోవచ్చు.

దొరబాబు అది గమనించాడు. వంగి నన్ను తీసుకుని, చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. గుమ్మం దాటాక వెనక్కి తిరిగాడు. అతని మోచేతి పక్కనుంచి నాకు ఆ పిల్ల కనిపించింది. తల వంచుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. మొదటి వేలు కిందికి దిగుతుండగా, దొరబాబు చప్పుడు కాకుండా తలుపు మూసేశాడు.