పెరుగు పడని మనిషి

డాక్టరమ్మ అడిగింది చిన్న ప్రశ్నే. దానికి జవాబు చెప్పలేక సోమేశ్వరరావు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"నిన్న రాత్రి మీ ఆవిడ ఏం తిన్నారు?"

తను ఏం తిన్నాడో అడిగితే గడగడా అప్పజెప్పేవాడే. దోసకాయ పప్పు, కాకరకాయ వేపుడు, చారు, గడ్డపెరుగు. వేపుడులో ఉప్పు పిసరంత ఎక్కువైన సంగతి కూడా గుర్తుంది. కానీ కనకలక్ష్మి ఏం తింది? అసలు తిందా? పెళ్ళయి ఆరేళ్ళు దాటినా ఆమె ముద్ద నోట్లో పెట్టుకోవడం అతను ఒక్కసారీ చూడలేదు. ఆయనగారి భోజనం అయ్యాక, ఆయనగారి కంచంలోనే, వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని ఆవిడ ఏదో తింటుంది. ఆ వేళకి ఆయనగారు వాకిట్లో మడతమంచం మీద వాలి రేడియో వింటూ ఉంటారు. తెనాలి దగ్గర వాళ్ళ ఊళ్ళో తండ్రి కూడా అలాగే విన్నాడు. తాతగారి కాలానికి రేడియో లేదు కాబట్టి ఆయన ఊరికే వాలాడు.

"తింటుందండి" అన్నాడు చివరికి, పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు.

డాక్టర్ రత్నమాల కళ్ళజోడు పైనుంచి చూసింది. పొద్దున కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి కనకలక్ష్మి కళ్ళు తిరిగి పడిపోతే, ఇంటి ఓనరమ్మ సీతాబాయి రిక్షా పిలిపించి మొగుడూపెళ్ళాల్ని దవాఖానాకి తరిమింది.

"ఒంట్లో రక్తం లేదు. ఇలాగే ఉంటే మంచం పడుతుంది. మందులు రాస్తాను గానీ, ముందు తిండి. ఆకుకూరలు, పాలు, పెరుగు. కడుపునిండా తినాలి."

"మా ఆవిడకి పెరుగు పడదండి."

"ఎవరు చెప్పారు?"

"తనే చెప్పింది."

డాక్టరమ్మ కనకలక్ష్మి వైపు చూసింది. కనకలక్ష్మి గోడమీది క్యాలెండర్ వైపు చూసింది.

ఆ రోజు నుంచీ సోమేశ్వరరావుకి బెంగ పట్టుకుంది. బాలానగర్‌లో అతను పనిచేసే ఫ్యాక్టరీ స్టోర్సులో ఏ సామాను ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలడని పేరు. ఇంట్లో ఉన్న ఒక్క మనిషి తింటోందో లేదో తెలీదు. తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రే ఇంకో పీట తెచ్చి ఎదురుగా వేశాడు.

"కూర్చో. ఇద్దరం కలిసి తిందాం."

"బాగానే ఉంది సంబడం. మరి వడ్డన ఎవరు చేస్తారూ?"

పోనీ అని తన భోజనం ముగించి, రేడియో జోలికి పోకుండా వంటింటి గడప మీద కూర్చున్నాడు. ఆమె కంచం ముందు పెట్టుకుని, అన్నం కెలికి కెలికి, "మీరలా కాపలా కూర్చుంటే నాకు ముద్ద దిగదండీ" అంది. లేచి వెళ్ళక తప్పింది కాదు. నాలుగు రోజులు ఇదే తంతు. ఆమె బుగ్గలు పీక్కుపోతూనే ఉన్నాయి. అతనికి భయం వేసింది. ఈ మనిషికి ఏమైనా అయితే తనకంటూ ఎవరున్నారు ఈ ఊళ్ళో?

అప్పుడు తట్టింది. ఆమె చేతిలో గరిటె లేని చోటికి తీసుకుపోవాలి.

బాలానగర్ చౌరస్తా దాటితే లారీలు ఆగే చోట ఒక పంజాబీ హోటల్ ఉంది. బయట నులకమంచాల మీద డ్రైవర్లు తింటారు. లోపల మాత్రం ఆకుపచ్చ తెర కట్టిన చిన్న గది ఉంది. దానిమీద ఫ్యామిలీ రూము అని మూడు భాషల్లో రాయించాడు సర్దార్జీ. మాంసం ముట్టని హోటలని కూడా స్టోర్సులో వాకబు చేసుకున్నాడు. ఆదివారం సాయంత్రం, "గుడికి" అని చెప్పి బయల్దేరదీశాడు. నిజంగానే గుడికి వెళ్ళారు. గుడి తరవాత ఇంటికి తిరగాల్సిన మలుపు దగ్గర మాత్రం తిరగలేదు.

"హోటల్లోనా? ఇంట్లో చారు పెట్టి వచ్చానండీ!"

"చారుకి ఏం కాదులే. పద."

తెర వెనక ఎదురుబొదురుగా కూర్చున్నారు. మధ్యలో బల్ల ఉంది కాబట్టి ఆమె గోడవైపు తిరగడానికి లేదు. సోమేశ్వరరావు లోపల్లోపల మురిసిపోయాడు. సర్వరు రామచంద్రం రెండు కంచాలు పెట్టి, పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెలు, నల్లటి పప్పు, పాలకూరలో తెల్లటి ముక్కలేసిన కూర తెచ్చాడు.

"ఈ ముక్కలేమిటి?" అంది కనకలక్ష్మి గుసగుసగా.

"పనీరమ్మా. పాలు ఇరగ్గొట్టి చేస్తరు" అన్నాడు రామచంద్రం.

"కావాలనే విరగ్గొడతారా?" ఆమె నోరు తెరిచింది. వాళ్ళింట్లో పాలు విరిగిన రోజు ఎవరో పోయినంత దిగులు.

అయితే సోమేశ్వరరావు వేసిన ఎత్తు పారలేదు. రొట్టె ఆమె కంచంలో పడిందో లేదో అతని కంచంలోకి మారిపోయేది. కూర గిన్నె ఆమె చేతికి ఎప్పుడు వెళ్ళిందో గానీ, ఇంట్లో లాగే మారు వడ్డిస్తోంది. గరిటె లేదనుకున్నాడే గానీ, స్పూను ఉంటుందన్న సంగతి ఆలోచించలేదు.

"నువ్వు తిను."

"మీరు కానివ్వండి."

"అది కాదు, వేడివేడిగా..."

"మీరు కానివ్వండి అంటుంటే."

రామచంద్రం రెండుసార్లు తొంగిచూశాడు. "రొట్టె సల్లారితే తోలైతదమ్మా, జర తినుండ్రి" అని బతిమాలాడు. ఆమె నవ్వి, ఆ రొట్టె కూడా మొగుడికే వేసింది. తినీ తినీ అతనికి ఆయాసం వచ్చింది గానీ ఆమె వేళ్ళకి తడి కూడా అంటలేదు.

ఇక లాభం లేదని అన్నం తెప్పించాడు. మజ్జిగన్నం తినందే భోజనం అయినట్టు కాదు గదా. మజ్జిగ ఉందా అంటే, లస్సీ ఉందన్నాడు రామచంద్రం. లస్సీ అంటే వీళ్ళ మజ్జిగే అని స్టోర్సులో ఎవరో చెప్పగా విన్నాడు. పొడుగాటి గ్లాసులో, పైన మీగడ కట్టి, వచ్చింది. సోమేశ్వరరావు గ్లాసెడూ అన్నంలో వంపేసి, చిటికెడు ఉప్పు వేసుకుని, కసాపిసా కలిపి, పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

మొహం ఆముదం తాగినట్టు అయిపోయింది.

"అయ్యో, అన్నంల పోసుకున్నరా సార్!" రామచంద్రం నెత్తి కొట్టుకున్నాడు. "అది తాగేది. శక్కరేసి ఉంటది."

"ఇక నా వల్ల కాదు" అని సోమేశ్వరరావు కంచం ముందుకు తోశాడు. రామచంద్రం దాన్ని తీయబోయాడు.

అంతకంటే ముందే కనకలక్ష్మి చెయ్యి పడింది దాని మీద. మొగుడి భోజనం అయింది. కంచం వదిలేశాడు. ఇక ఆమె వంతు. ఆరేళ్ళ అలవాటు ఏ హోటలైతేనేం? "పెరుగన్నం పారేస్తామా?" అని కంచం దగ్గరికి లాక్కుంది. రామచంద్రం తెర వేసి వెళ్ళిపోయాడు.

ఆమె ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఆ తరవాత ఎదురుగా మొగుడున్నాడన్న సంగతే మరిచిపోయింది. తీపీ ఉప్పూ కలిసిన ఆ అన్నాన్ని ముద్ద తరవాత ముద్ద, వేళ్ళ సందుల్లోకి జారిన మీగడతో సహా, ఆబగా తింటోంది. సోమేశ్వరరావు చూస్తూ ఉండిపోయాడు. తన పెళ్ళాం తినేటప్పుడు చిన్నపిల్లలా తల ఊపుతుందని అతనికి ఇప్పుడే తెలిసింది.

కంచం ఖాళీ అయ్యాక అడిగాడు, మెల్లిగా.

"పెరుగు పడదన్నావు?"

కంచం అంచు తుడుస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"కాపురానికొచ్చిన కొత్తలో మీ అమ్మగారు, మీ తమ్ముడు, అందరం ఉన్నాం కదండీ. ఐలయ్య కొత్తగూడ నుంచి తెచ్చి పోసే పాలల్లో కాఫీకి పోగా తోడుపెట్టేది ఎంతని? ఓ రోజు మీరు, నీకు పెరుగుందా అని అడిగారు. లేదంటే మీరు వేసుకోరు. అందుకని పడదన్నాను."

"వాళ్ళు వెళ్ళిపోయాక చెప్పొచ్చుగా?"

"వాళ్ళు వెళ్ళాక మీరు రెండోసారి వేయించుకోవడం మొదలెట్టారు."

నిష్ఠూరంగా అనలేదు. నవ్వుతూనే అంది. అందుకే అతనికి ఎక్కడో చివుక్కుమంది. తను రెండోసారి చెయ్యి చాపి వేయించుకున్న ప్రతి గరిటె పెరుగూ కళ్ళముందు కదిలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి గట్టిగా పిలిచాడు.

"రామచంద్రం! ఇంకాస్త అన్నం. లస్సీ కాదు, పెరుగు. చక్కెర వెయ్యని పెరుగు."

"గా మాట ముందుగాల్నే అంటే అయిపోతుండె గద సార్" అంటూ గిన్నెడు గడ్డపెరుగు తెచ్చాడు రామచంద్రం.

స్పూను కోసం కనకలక్ష్మి చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు. తనే ఆమె కంచంలో అన్నం పెట్టాడు, పెరుగంతా వేశాడు, ఉప్పు కాస్త వేశాడు. ఎంత వెయ్యాలో తెలీక భయపడుతూనే వేశాడు. "కానివ్వు" అన్నాడు.

ఆమె తల వంచుకుని తింది. మొదట బెరుకుగా, తరవాత ఆకలిగా. చివర రెండు ముద్దలు ఉండగా ఆపేసింది.

"మీ మజ్జిగన్నం పాడైపోయింది. ఉత్త రొట్టెలతో లేస్తే మీకు నిద్ర పట్టదు. మీకు వేరే చెప్పండి."

"వేరే ఎందుకు?" అని సోమేశ్వరరావు ఆమె కంచం తన ముందుకు లాక్కున్నాడు.

"అయ్యయ్యో, నా ఎంగిలండీ!" ఆమె అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. మొగుడి ఎంగిలి పెళ్ళాం తినడమే తప్ప, ఇది ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎక్కడా చూడలేదు. భయంగా తెర వైపు చూసింది.

"ఎన్నేళ్ళు నా ఎంగిలి తిన్నావు నువ్వు?" అన్నాడు. "వదులు."

ఆమె పట్టు సడలింది. అతను ఆ రెండు ముద్దలూ తిన్నాడు, కంచం అంచున అంటుకున్న మెతుకులు కూడా వేలితో తీసుకుని. కనకలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోందో నవ్వుతోందో అతనికి తెలియలేదు. ఆమెకీ తెలియలేదు.

"రేపు ఐలయ్యకి పాలు ఎక్కువ పొయ్యమని చెప్తాను" అన్నాడు. "ఇంట్లో కూడా ఇంతే. గిన్నెలో పెరుగు ముందు నీకు."

ఆమె తలూపింది. కళ్ళు తుడుచుకుంది. అలవాటు చొప్పున, ప్రతి రాత్రీ అడిగినట్టే అడిగింది.

"ఉప్పు సరిపోయిందాండీ?"

"నన్నడుగుతావేం? వడ్డించింది నేను" అన్నాడు సోమేశ్వరరావు. "నీకు సరిపోయిందా?"

పుట్టినప్పటి నుంచీ ఆ మాట ఆమె అందర్నీ అడిగిందే గానీ, ఆమెని ఎవరూ అడగలేదు.

"కాస్త తక్కువైంది" అంది కనకలక్ష్మి.