దానంతటదే మండే బాయిలర్

“దానితో పనేముంది, దానంతటదే మండుతుంది” అంటున్నాడు మిలివోయ్.

పెరట్లో ఇనప పొయ్యి మీద లావుపాటి ఎర్ర మిరపకాయలు కాలుస్తున్న రద్మిల చేతిలో పట్టకారు ఒక్క క్షణం ఆగింది. చలికాలానికి ఐవార్ పచ్చడి పెట్టుకునే రోజులు. బానాత్ మైదానంలోని ఆ చిన్న ఊళ్లో ఏ పెరడు చూసినా ఇదే పొగ, ఇదే కమురు వాసన. పక్కనున్న బాయిలర్ కొట్టులో ఆమె భర్త మిలివోయ్, కొత్తదానికి ఎంతవుతుందో అంచనా కట్టడానికి వచ్చిన జోవిత్సాకి ఇల్లంతా వెచ్చబెట్టే పాత కట్టెల బాయిలర్ గుణగణాలు వర్ణిస్తున్నాడు. పోయిన ఫిబ్రవరిలో దానికి చిల్లు పడి కొట్టు నిండా నల్లటి నీళ్లు చేరాయి. అవి ఎత్తిపోసింది రద్మిల.

దానంతటదే. ఆమె కాయను రెండో వైపు తిప్పింది. ఆలోచిస్తే అతను అబద్ధమాడటం లేదు. ఇరవై రెండేళ్ల కాపురంలో మిలివోయ్ తన ఇంటిని చల్లగా ఉండగా ఎప్పుడూ చూడలేదు. అతను లేచేసరికి గదుల్లో వేడినీళ్ల గొట్టాలు వెచ్చగా ఉంటాయి, కాఫీ పొంగుతూ ఉంటుంది, కిటికీ అద్దాల మీద మంచు కరిగి కారుతూ ఉంటుంది. సూర్యుడు తనంతట తను రావడం లేదా, ఇదీ అంతే. అంతకు ముందు చీకట్లో రాత్రి గౌను మీద కోటు తొడుక్కుని, కాళ్లకు అతని పాత బూట్లు వేసుకుని, మంచు తొక్కుకుంటూ కొట్టులోకి వెళ్లే మనిషి అతని లెక్కలో లేదు. బూడిద తోడాలి, పుల్లలు పేర్చాలి, మంట అందుకునే దాకా కాచుకోవాలి. మధ్యాహ్నం గ్రంథాలయం నుంచి పరుగున వచ్చి మళ్లీ కట్టె వేసి వెళ్లాలి. “నువ్వు వస్తే పొగ పట్టిన మాంసం గుర్తొస్తుంది రద్మిలా, ఆకలేస్తుంది” అని పై అధికారిణి నవ్వితే అందరూ నవ్వేవాళ్లు. రద్మిల కూడా నవ్వేది. ఇంటికొచ్చి తల రుద్దుకునేది. “కట్టె వేడి ఎముకల్లోకి దిగుతుంది. మీట నొక్కితే వచ్చేదీ ఒక వేడేనా?” అనేవాడు మిలివోయ్, మేజోళ్లతో ఉన్న పాదాలు గొట్టం మీద ఆనించి.

జోవిత్సా కొట్టులోంచి వంటగదిలోకి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. ప్లమ్ పండ్ల సారా గ్లాసులో పోసి పెట్టాడు మిలివోయ్. ఆమె అత్తగారు పెర్సిద ఆ ఉక్కలో కూడా మెడకు ఊలు శాలువా చుట్టుకుని తన మూల కుర్చీలో కూర్చుని ఉంది.

“చెప్పు ఇంటాయనా, ఎన్ని గదులు వెచ్చబెట్టాలి?” అన్నాడు జోవిత్సా.

“అన్నీ. ముందు గది కూడా. ముఖ్యంగా ముందు గది.”

“అందులో ఎవరుంటారు?”

“ఎవరూ ఉండరు. చలికాలంలో మా ఇంటి స్లావా పండగకి ముప్పై మంది వస్తారు మాకు. సెయింట్ నికోలా మా వంశానికి అండ. ఆ రోజు మా ఇంట్లో ఎవడైనా వణికాడంటే నేనిక ఊళ్లో తలెత్తుకోలేను.”

తెరిచి ఉన్న తలుపులోంచి వింటున్న రద్మిలకు నవ్వొచ్చింది. ఏడాదికి ఒక్క రోజు. ఆ రోజు ముప్పై మంది ఒంటి వేడి, చేపలు వేగే పొయ్యి, కొవ్వొత్తి, సారా కలిసి ఆ గది ఎలాగూ ఉడికిపోతుంది. మగవాళ్లు చొక్కా గుండీలు విప్పుకుని విసురుకుంటారు. అయినా కిటికీ తెరవడానికి వీల్లేదు. గాలి ఇటు నుంచి అటు కొడితే పక్షవాతం వస్తుందని పెర్సిద కేకలేస్తుంది. అదే భయంతో ముందు గదిలో బిగించిన ఏసీని ఆరేళ్లలో ఒక్కసారి కూడా వేయలేదు. దాని మీద ఆవిడ అల్లిన లేసు గుడ్డ కప్పి ఉంటుంది.

“మరి ఈ వంటగదికి వేసవిలో చల్లదనం?” అడిగాడు జోవిత్సా.

“వంటగదికెందుకు? ఇక్కడెవరుంటారు?” అన్నాడు మిలివోయ్, వంటగదిలో కూర్చుని.

జోవిత్సా రాసుకుంటూ అడిగాడు. “చలికాలానికి ఎన్ని ఘనపు మీటర్ల కట్టె పడుతుంది?”

“రద్మిలా, మనకెంత కట్టె పడుతుంది?” అని పెరట్లోకి కేకేశాడు మిలివోయ్.

ఆమె గుమ్మం దాకా వచ్చి చెప్పి వెళ్లింది.

“ఏ గోడ ఎక్కువ చల్లబడుతుంది?”

“రద్మిలా...”

మళ్లీ వచ్చింది. ఆగ్నేయపు ఈదురుగాలి వచ్చినప్పుడు స్నానాలగది గోడ చెమ్మగిల్లుతుందని, పెర్సిద పడుకునే గదిలో గొట్టం సగమే వేడెక్కుతుందని చెప్పింది. వెనక్కి తిరగబోతుండగా జోవిత్సా మూడో ప్రశ్న వేశాడు. ఒకసారి నింపితే మంట ఎంతసేపు నిలుస్తుంది?

మిలివోయ్ ఈసారి కేకేయలేదు. భార్య వైపు చూశాడంతే. రద్మిల కుర్చీ లాక్కుని కూర్చుంది. పట్టకారు బల్ల మీద పెట్టింది.

“తడి కట్టైతే ఒక రకం, ఎండు కట్టైతే ఒక రకం. అక్కేషియా అయితే నేను పనికి వెళ్లొచ్చేదాకా నిలుస్తుంది. పోప్లర్ అయితే నిలవదు. ఆయన చౌకని పోప్లర్ తెస్తాడు.”

జోవిత్సా కాగితాన్ని కొంచెం ఆమె వైపు జరిపాడు. రెండు అంచనాలు రాశాడు. ఒకటి కొత్త కట్టెల బాయిలర్. రెండోది కరెంటుతో నడిచే హీట్ పంప్, చలికాలం వేడి, వేసవిలో చల్లదనం, ఖరీదు మాత్రం రెండింతల పైన.

“ఇంకేం చూడాలి?” అన్నాడు మిలివోయ్ గ్లాసెత్తి. “కట్టెలదే రాసెయ్. ఎలాగూ దానంతటదే...”

“దానికి ఒక మనిషి కావాలి” అంది రద్మిల.

గొంతు పెంచలేదు. గ్రంథాలయంలో తిరిగివ్వాల్సిన పుస్తకం గడువు చెప్పినట్టు చెప్పింది.

“ఏ మనిషి?”

“తెల్లారకముందే లేచి రాజేసే మనిషి. మధ్యాహ్నం వచ్చి కట్టె వేసే మనిషి. బూడిద మోసే మనిషి. జోవిత్సా, ఆ మనిషి జీతం కూడా కట్టెల వైపు రాయి. ఇన్నాళ్లూ నేను చేశాను. ఇక చేయను.”

మిలివోయ్ నవ్వాడు. తోడు నవ్వుతాడేమోనని జోవిత్సా వైపు చూశాడు. జోవిత్సా పెన్ను మూత బిగించడంలో పడ్డాడు. “చూశావా అమ్మా, నీ కోడలు ఏమంటుందో” అన్నాడు మిలివోయ్ తల్లి వైపు తిరిగి. “నీ కాలంలో నువ్వు చేయలేదూ? ఎప్పుడైనా నోరెత్తావా?”

పెర్సిద శాలువా సర్దుకుంది. “నేను చేశాను. మీ నాన్న కూడా ఊరందరికీ ఇదే చెప్పేవాడు, మా ఇంట్లో పొయ్యి దానంతటదే మండుతుందని. ఒకసారి నేను ఆసుపత్రిలో పడ్డాను. తిరిగొచ్చేసరికి నువ్వూ మీ నాన్నా మీ పెద్దత్త ఇంట్లో ఉన్నారు, చలికి తాళలేక.” ఆ మాటతో ఆవిడ జోవిత్సా వైపు తిరిగింది. “నాయనా, ఆ కొత్త యంత్రం గాలి ఊదుతుందా?”

“ఊదుతుంది మామ్మగారూ. మెల్లగా.”

“అయితే నా మెడ మీద పడకుండా అదిగో, ఆ గోడకి పెట్టు.”

అంతలో తెరిచి ఉన్న తలుపులోంచి పొగ వచ్చింది. కమ్మటి కమురు కాదు, దాన్ని దాటిన చేదు వాసన. తల్లీ కొడుకూ అలవాటుగా రద్మిల వైపు చూశారు.

“మాడుతున్నట్టున్నాయి” అన్నాడు మిలివోయ్.

“అవును, తిప్పేవాళ్లు ఎవరూ లేరుగా” అని రద్మిల పట్టకారును బల్ల మీదుగా అతని ముందుకు జరిపింది.

అతను దాన్ని చూశాడు. తల్లిని చూశాడు. గ్లాసు దించి, పట్టకారు తీసుకుని, దాన్ని ఎటువైపు పట్టుకోవాలో తెలియనివాడిలా ఒకసారి తిప్పి చూసి పెరట్లోకి నడిచాడు.

రద్మిల కాగితాన్ని పూర్తిగా తన ముందుకు లాక్కుంది.

“ఆ ముందు గది కొట్టెయ్ జోవిత్సా. వంటగదితో మొదలుపెట్టు.”