వెలుతురుకి అడ్డం

నేను ఒక కిటికీని, కాని ఏ గోడకీ చెందినదాన్ని కాను. నాలుగు చెక్కల చట్రం, మధ్యలో అడ్డంగా బిగించిన సన్నటి పట్టీలు, అంతే నా ఒళ్లు. గాలి రావడానికి కాదు, నీడ పడడానికి పుట్టాను. మద్రాసు కోడంబాకంలో ఒక సినిమా స్టూడియో వడ్రంగి పాత పెట్టెల చెక్కతో నన్ను చేసి, లైటు ముందు నిలబెట్టాడు. ఆనాటి నుంచి అక్కడ తీసిన నలుపు తెలుపు నేరకథల్లో ఎవరి మొహం మీద చారలు పడ్డా అవి నావే.

ఆ చారలంటే జనానికి ఎంత మోజో. టిక్కెట్టు కొనుక్కుని మరీ భయపడతారు. హంతకుడెవరో చివరిదాకా తెలియకూడదు, తెలిసిపోయినట్టు మాత్రం ఉండాలి. ఆ తప్పుడు అనుమానం పుట్టించడమే నా ఉద్యోగం. మొదట్లో గర్వంగానే ఉండేది. ఇప్పుడు మూల గదిలో బూజు పట్టి పడున్నా, ఒక్క రోజు గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ రోజు తీస్తున్న సినిమాలో చలపతి అనే నటుడిది ఏ పాపం ఎరగని మనిషి వేషం. అసలు హంతకుడు కథానాయిక బాబాయి. ఆ వేషం వేసిన పానకాలరావు మీద నిండుగా వెలుతురు, చలపతి మీద నేను. ఆరోజు చలపతి కూతురు హైమ షూటింగు చూడడానికి వచ్చింది. ఐదేళ్లుంటాయేమో. "మా నాన్నది మంచోడి వేషం" అని కనిపించినవాళ్లందరికీ చెప్పింది.

లైటు వెలిగింది. నా నీడ చలపతి మొహాన్ని ముక్కలు చేసింది. షాటు అవగానే అతను "రామ్మా" అని చేతులు చాచాడు. హైమ కెవ్వుమని పరుగెత్తి పానకాలరావు ఒళ్లో దూరింది.

"కన్నకూతురే నమ్మిందయ్యా, ఇంక జనం నమ్మరా?" అన్నాడు దర్శకుడు. అందరూ నవ్వారు. చలపతి కూడా నవ్వబోయాడు గానీ చేతకాలేదు. పదిమందిలో తలెత్తుకోలేక, "నేనేనమ్మా, నాన్నని" అన్నాడు మెల్లగా. పానకాలరావు పిల్ల తల నిమురుతూ, "నాన్నే తల్లీ, పో" అన్నాడు.

"ముందు ఆ గీతలు తీసెయ్యమను" అంది హైమ.

నన్ను పక్కకి జరిపారు. అప్పుడుగానీ తండ్రి దగ్గరికి పోలేదు ఆ పిల్ల. వెళ్లి, అతని చెంప తడిమి చూసి, మెడ కావలించుకుంది.

"ఇంకో టేకు చేద్దాం" అన్నాడు దర్శకుడు.

నన్ను మళ్లీ లైటు ముందుకి తెచ్చారు. చలపతి తన మెడ చుట్టూ ఉన్న చేతులు నెమ్మదిగా విడిపించి, కూతుర్ని తనే తీసుకెళ్లి పానకాలరావుకి అప్పగించి, వచ్చి నా నీడలో నిలబడ్డాడు.