ముందు మాట, తర్వాత శాలువా

మూసిన షట్టర్ల ముందు సైలస్ నీలం పట్టా పరిచి పాత పుస్తకాలు సర్దుతున్నాడు. బక్క మనిషి. ఎడమ మోకాలు వంగదు, అందుకే కాలు బారజాపి కూర్చుంటాడు. అబిడ్స్‌లో ఆదివారం పొద్దున్నే అతను కనబడితే పక్కవాళ్లకు అదో ధైర్యం. ఫుట్‌పాత్ పుస్తకాల వాళ్ల సంఘానికి అతనే పెద్ద మరి!

ఇవాళ పెద్దాఫీసరు వస్తున్నాడు. ఈ ఫుట్‌పాత్ మీద వీళ్ల జాగా ఉంటుందో ఊడుతుందో తేలిపోవాలి.

సైలస్ ఎన్ని సర్కార్లను చూడలేదు! ఒకటి కమిటీ అని పిలిచి, చాయ్ పోసి, సంతకాలు పెట్టించుకుని పంపేసింది. ఇంకొకటి పిలవనే లేదు. నాంపల్లిలో ధర్నాకు కూర్చుంటే ఈడ్చి వ్యానెక్కించింది. ఆ మోకాలు అప్పటిదే. తర్వాతి సర్కారు మర్యాదగా ఆఫీసరునే పంపింది. వీళ్లు మురిసిపోయి దండలు, శాలువా, ఫొటోలు అంటూ హడావిడి చేశారు. ఆయన నవ్వుతూ అన్నీ అందుకుని, టైమైందంటూ కారెక్కేశాడు. అడగాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది. అంత తెలివితక్కువ పని ఇంకెవరైనా చేస్తారా!

ఇప్పుడు మళ్లీ కొత్త సర్కారు, కొత్త ఆఫీసరు. ఆయన కారు దిగగానే పక్క దుకాణం మల్లేష్ శాలువా విప్పబోయాడు. సైలస్ దాన్ని లాక్కుని చంకలో పెట్టుకున్నాడు.

"జర ఆగు మల్లేష్. ముందు మాట, తర్వాత శాలువా."

"సారు గుస్సా అయితడేమో కాకా!" మల్లేష్ గుసగుసలాడాడు.

సైలస్ వినిపించుకోలేదు. "సార్, మా జాగ ఉంటదా, పోతదా? గదొక్కటి చెప్పుండ్రి."

"చూద్దాం లెండి," అన్నాడు ఆఫీసరు.

"గట్ల కాదు సార్. ఔ అంటే ఔ, కాదంటే కాదు. అందరు ఇంటున్నరు."

పుస్తకాలు కొనడానికి వచ్చినవాళ్లు కూడా ఆగి చూస్తున్నారు. ఆఫీసరు అటూ ఇటూ చూసి, చివరికి నవ్వేశాడు.

"ఉంటుంది. ఈ వారమే ఎవరి జాగాకు వాళ్లకు గీతలు గీయిస్తాను."

అప్పుడు కప్పాడు సైలస్ శాలువా. చప్పట్లు మోగుతుంటే ఒళ్లంతా గర్వం పొంగింది. పట్టుమని పాతికమంది లేని సంఘం, సర్కారు నోట మాట రాబట్టింది!

అన్నట్టుగానే గురువారం పెయింటర్లు వచ్చారు. సైలస్ దగ్గరుండి అందరి గీతలూ గీయించాడు. శనివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినవాడు మళ్లీ లేవలేదు.

ఆదివారం ఎవరి గడిలో వాళ్లు పుస్తకాలు పరిచారు. సైలస్ గడిని మాత్రం ఖాళీగా వదిలేశారు. రంగు ఆరకముందే తొందరపడి కూర్చోబోయిన అతని చెప్పు అచ్చు, ఆ మూలన పసుపుపచ్చగా నిలిచి ఉంది.