సగంలో సగం ఆముదం

నేను ఒక అరగిద్దను, నూనె కొలిచే ఇత్తడి కొలపాత్రను. సోల, అరసోల, గిద్ద, వాటి తర్వాత నేను. నా కింద ఎవరూ లేరు. నన్ను పోత పోసిన కంచరి నా అంచు నున్నగా చేస్తూ, "ఇంతకన్నా చిన్నది చేస్తే పిల్లకాయలు ఆడుకోవడానికే" అన్నాడు. మొదట నన్ను కొన్న నూనె వ్యాపారి బొటనవేలు లోపల పెట్టి మరీ కొలిచేవాడు. వేలు అతనిది, తిట్లు నాకు. అతను దుకాణం ఎత్తేశాక నాంచారమ్మ చేతికి వచ్చాను.

నాంచారమ్మ వంటాముదం తీసేది. గింజలు వేయించి, రోట్లో దంచి, కాగే నీళ్ళలో వేసి, పైకి తేలిన చమురును గరిటెతో తీసి మళ్ళీ కాచేది. ఆ వాసనకు వీధిలో తలుపులన్నీ మూసుకునేవి. బాలింతలున్న ఇళ్ళవాళ్ళు మాత్రం గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. నన్ను నిండా ముంచి, అంచు మీదుగా పొర్లుతుండగానే వాళ్ళ గిన్నెలో వంచేది. వేళ్ళన్నీ జిడ్డు. ఆ జిడ్డు వేళ్ళ మధ్య ఉండటమే నా జన్మకు సుఖం.

ఆమె మొగుడు కోటిలింగం బడిలో లెక్కల మాస్టారు. శనివారం తలంటుకు ముందు నాంచారమ్మ నాతో ఆముదం కొలిచి ఆయన నెత్తిన పోసి మర్దించేది. ఆయన ఊరుకునేవాడా?

"భిన్నంలో పైన ఒకటి ఉండాలి. కింద ఏ అంకైనా వేసుకో. అన్నిటికన్నా చిన్న ముక్క ఏదో చెప్పు చూద్దాం."

"ఇదిగో, నా చేతిలోనే ఉందిగా. అరగిద్ద."

"దాంట్లో సగం లేదా? ఆ సగంలో సగం? కింది అంకె పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుద్ది. అంకెలకి చివర లేదు, కాబట్టి ముక్కకీ లేదు."

"అయితే కింద ఆ అనంతాన్నే పెట్టు, పీడా పోద్ది."

"అనంతం అంకె కాదే!"

"అంకె కానిదాన్ని నెత్తికెక్కించుకున్నావు కాబట్టే మేస్టారూ, నీకు ఆముదం ఇంకట్లేదు. కదలమాక!"

ఎన్ని శనివారాలైనా ఆ వాదన తెగలేదు. తెగడం ఇద్దరికీ ఇష్టం లేదని నా అనుమానం.

ఒక వానాకాలం జ్వరం వచ్చి నాంచారమ్మ పోయింది. ఆమె కాచిన ఆముదం సీసాలో సరిగ్గా నా నిండా మిగిలింది. మాస్టారు దాన్ని చూసుకుని ఒక లెక్క కట్టాడు. ఉన్నదాంట్లో ఎప్పుడూ సగమే వాడితే అది ఎప్పటికీ అయిపోదు. శనివారం రాగానే సీసాలోది నాలోకి వంచి, సగం అరచేతిలో పోసుకుని, మిగతాది జాగ్రత్తగా సీసాలోకి పోసేవాడు. అర అయింది, పావు అయింది, అరపావు, వీసం. ఆ తర్వాత పేర్లు అయిపోయాయి గానీ లెక్క అయిపోలేదు.

పక్కింట్లో ఉండే నాంచారమ్మ చెల్లెలు తిరపతమ్మ గోడ మీంచి ఇదంతా చూసేది.

"ఏంది బావా ఈ చాదస్తం? అసలే ఆముదం. అటూ ఇటూ పోస్తుంటే గిద్ద తాగుద్ది, సీసా మూతి తాగుద్ది. నీ నెత్తికి మిగిలేదేంది?"

"సగం తీస్తే సగం ఉంటది తిరపతమ్మా. లెక్క తప్పదు."

"లెక్కకి జిగట ఉందా?"

జిగట నాకు తెలుసు. కొలిచిన ప్రతిసారీ నా గోడలకు ఒక పొర అంటుకుపోయేది. దాచుకోవాలని ఆయన ఎంత శ్రద్ధగా కొలిస్తే అది అంత త్వరగా తరిగిపోయింది.

ఒక శనివారం సీసా వంచితే ఏమీ రాలేదు. ఎండ అరుగు దిగిపోయేదాకా తలకిందులుగానే పట్టుకున్నాడు. తిరపతమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"మీ అక్క గెలిచింది" అన్నాడు. "చివరి ముక్క ఉంది. పోయిన శనివారం వాడింది అదే. అదే చివరిదని తెలియకుండా రుద్దేసుకున్నా."

అన్ని వారాలూ ఎగతాళి చేసిన తిరపతమ్మ నన్ను తీసుకుని వాసన చూసింది. ఉన్నట్టుండి ఎదుటి పక్షానికి దూకింది.

"ఎవరు చెప్పారు గెలిచిందని? వాసన ఊరికే వస్తదా? ఏదో ఒక ముక్క ఉండబట్టేగా! అంత పెద్ద లెక్కల మేస్టారివి, చుక్క రాలేదని ఆగిపోతే ఎట్టా? చూడు."

ఆయన నన్ను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన ఊపిరి నాలోకి వెచ్చగా దిగింది.

"ఓడిపోయి కూడా నేను ఒప్పుకోనని మీ అక్క నవ్వేది" అన్నాడు. ఆ నవ్వు కోసం ఎన్నిసార్లయినా ఓడిపోయేవాడే.

ఇప్పుడు నేను గూట్లో ఉంటున్నాను, నల్లబడిపోయి. చూసినవాళ్ళు చింతపండు పెట్టి తోమితే మెరుస్తుందంటారు. ఇత్తడిని కదా, మెరవాలని నాకూ ఉంటుంది. తోమితే మాత్రం ఉత్త కొలత చెంబుగానే మిగులుతాను. అంచు మీదుగా పొర్లేలా నన్ను ముంచే చేయి మళ్ళీ రాదు. మాస్టారు ఎవర్నీ తోమనివ్వడు.

శనివారాలు పొడి తలతో స్నానానికి వెళ్ళేముందు నన్ను దించి వాసన చూస్తాడు.

"ఉందా బావా?" అని గోడ అవతలి నుంచి తిరపతమ్మ అడుగుతుంది.

"ఉంది" అంటాడు.

వారం వారానికీ ఆ మాట ఇంకాస్త ఆలస్యంగా వస్తోంది.